గ్యోన్యోన్: కర్మాగారం కన్న ఫుట్‌బాల్ క్లబ్

2000 ఏప్రిల్ 22న పారిస్ శివార్లలోని స్టాద్ ద ఫ్రాన్స్‌లో ఫ్రెంచ్ లీగ్ కప్ ఫైనల్ జరిగింది. ఒకపక్క రాజధాని జట్టు పారిస్ సేంజర్మాన్. ఆ సీజన్‌లో మొదటి డివిజన్ పట్టికలో రెండో స్థానంలో నిలిచిన జట్టు అది. ఒకోచా, బెనార్బియా, లారాన్ రొబేర్ లాంటి పేరున్న ఆటగాళ్లు ఆ క్లబ్‌లో ఉన్నారు. రెండోపక్క రెండో డివిజన్ జట్టు గ్యోన్యోన్. ఆ ఊరి జనాభా 9 వేల లోపు. ఆ రాత్రి స్టేడియానికి వచ్చిన జనం అంతకు ఎన్నో రెట్లు. మ్యాచ్‌ను గ్యోన్యోన్ 2-0తో గెలిచింది. పదకొండేళ్లు తిరిగేసరికి ఆ క్లబ్ దివాలా తీసింది.

ఈ కథను మామూలుగా మూడు ముక్కల్లో తేల్చేస్తారు. చిన్న ఊరు, ఒక అద్భుతమైన రాత్రి, ఆ తర్వాత చేతకాని నిర్వహణ. చివరి ముక్కలో కొంత నిజం ఉంది. కానీ నిర్వహణ బాగాలేని క్లబ్బులు ఫ్రాన్స్‌లో చాలా ఉన్నాయి, అన్నీ మునిగిపోలేదు. గ్యోన్యోన్ గెలుపునూ పతనాన్నీ వేర్వేరుగా చూస్తే రెండూ అంతుచిక్కవు. ఈ క్లబ్ ఖర్చు ఇన్ని దశాబ్దాలు ఎవరు భరించారు, ఎందుకు భరించారు, ఎప్పుడు ఆ అవసరం తీరిపోయింది అని చూస్తేనే రెండిటికీ ఉన్న లంకె తెలుస్తుంది.

ఊరు, ఉక్కు

గ్యోన్యోన్ బర్గండీ ప్రాంతంలో, సోన్-ఎ-ల్వార్ జిల్లాలో ఉంది. అరూ నది ఒడ్డున ఉన్న ఊరు. చుట్టుపక్కలంతా పచ్చిక బయళ్లు, వాటిలో మేసే తెల్లటి షారొలే పశువులు. దూరం నుంచి చూస్తే వ్యవసాయ ప్రాంతం అనే అనిపిస్తుంది. కానీ 18వ శతాబ్దం నుంచీ ఈ ఊరికి కూడు పెట్టింది కొలిమి. నది నీరు, చుట్టూ అడవుల బొగ్గు ఆసరాగా మొదలైన ఇనుప పని క్రమంగా పెద్ద కర్మాగారమైంది. 20వ శతాబ్దంలో అది పలుచటి ఉక్కు రేకులకు, ముఖ్యంగా స్టెయిన్‌లెస్ స్టీల్‌కు పేరు తెచ్చుకుంది. వంటింటి సింకులకు, వాషింగ్ మెషీన్ డ్రమ్ములకు వాడే రకం రేకు.

ఈ జిల్లాలో గ్యోన్యోన్ ఒక్కటే ఇలాంటి ఊరు కాదు. కాస్త దూరంలో ష్నైడర్ కుటుంబం ఉక్కు సామ్రాజ్యం నడిపిన ల క్రూజో ఉంది. దాని పక్కన బొగ్గు గనుల ఊరు మోన్సో-లె-మీన్ ఉంది. ఇలాంటి ఊళ్లలో యజమాని జీతం ఇచ్చి ఊరుకునేవాడు కాదు. ఇళ్లు, బడి, బ్యాండు మేళం, వ్యాయామ సంఘం, ఆట స్థలం అన్నిటికీ కంపెనీ ముద్ర ఉండేది. ఇందులో ఉదారత ఎంత, లెక్క ఎంత అనేది ఫ్రెంచ్ చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకునే విషయమే. పనివాడు ఊరు వదిలి వెళ్లకూడదు, సాయంత్రాలు యూనియన్ సమావేశాల కన్నా మైదానంలో గడవాలి, వేరే చోట్ల నుంచి వచ్చిన కూలీలు ఈ ఊరి మనుషులైపోవాలి. ఈ మూడు పనులూ ఒక ఫుట్‌బాల్ జట్టు చేయగలదు. ప్యూజో కంపెనీ 1928లో సోషోలో క్లబ్ పెట్టినా, సేంతెతియెన్ క్లబ్‌కు కజీనో దుకాణాల సంస్థ పురుడు పోసినా వెనక ఉన్న ఆలోచన ఇదే.

ఫుట్‌బాల్ క్లబ్ గ్యోన్యోన్ 1940లో పుట్టింది. ఫ్రాన్స్ జర్మనీ చేతిలో ఓడి, ఆక్రమిత భాగం, మిగతా భాగం అని రెండుగా చీలిన ఏడాది అది. ఆ చీలిక గీత ఈ జిల్లా గుండానే పోయింది. పసుపు, నీలం రంగుల చొక్కాలు వేసుకునే ఈ జట్టును మొదటి నుంచీ 'ఫోర్జెరోన్' అనే పిలుస్తారు, అంటే కమ్మరులు. క్లబ్ గుర్తింపు, కర్మాగారం గుర్తింపు ఒకదాన్నించి ఒకటి విడదీయలేనంతగా కలిసిపోయాయి.

షిఫ్టు దిగి మైదానానికి

1970ల దాకా గ్యోన్యోన్ ఆటగాడు అంటే ముందు కర్మాగారం ఉద్యోగి. మన దగ్గర రైల్వే, పోలీసు, బ్యాంకు జట్లలో ఆటగాడికి ఉద్యోగం ఇచ్చి ఆడించే పద్ధతి ఉన్నట్టే ఇదీ. కొత్త కుర్రాడిని తీసుకురావాలంటే క్లబ్ ఇవ్వగలిగింది పెద్ద మొత్తం కాదు, ఫ్యాక్టరీలో స్థిరమైన ఉద్యోగం. ప్రాక్టీసుకు వీలుగా పనివేళలు సర్దేవారు. ఆట మానేసిన తర్వాత కూడా ఉద్యోగం ఉంటుంది, పింఛను ఉంటుంది. మోకాలు దెబ్బతింటే రోడ్డున పడతామన్న టెన్షన్ లేదు.

ఆర్థిక దృష్టితో చూస్తే ఈ ఏర్పాటులో ఒక గొప్ప సౌలభ్యం ఉంది. ఆటగాళ్ల జీతాలు క్లబ్ పద్దులో కనిపించవు. అవి కర్మాగారం జీతాల పట్టికలో కలిసిపోతాయి. అందుకే ఇంత చిన్న ఊరు, పెద్ద నగరాల క్లబ్బులతో సమానంగా నిలబడగలిగింది. టికెట్ల మీద వచ్చే డబ్బు ఎంతన్నది అంత ముఖ్యం కాదు. క్లబ్ లాభనష్టాలను ఎవరూ విడిగా లెక్కగట్టలేదు కాబట్టి అది చవగ్గా నడుస్తున్నట్టు అనిపించేది. నిజానికి చవక కాదు, బిల్లు మరో చోటికి వెళ్లేది.

ఈ ఏర్పాటుకు 1970లో పెద్ద తలుపు తెరుచుకుంది. అంతవరకు ఫ్రాన్స్ రెండో డివిజన్ వృత్తి క్లబ్బులకే పరిమితం. చాలా క్లబ్బులు అప్పుల పాలై తప్పుకోవడంతో డివిజన్ ఖాళీ అయిపోయే పరిస్థితి వచ్చింది. ఫ్రెంచ్ ఫుట్‌బాల్ సమాఖ్య దాన్ని ఔత్సాహిక క్లబ్బులకు కూడా తెరిచి, దేశాన్ని ప్రాంతాల వారీ గ్రూపులుగా విడగొట్టింది. జీతాలిచ్చే జట్టు, జీతాలివ్వని జట్టు ఒకే పట్టికలో ఆడటం మొదలైంది. గ్యోన్యోన్ లాంటి ఫ్యాక్టరీ జట్లకు ఇంతకన్నా అనువైన కాలం మళ్లీ రాలేదు. పేరుకు ఔత్సాహికులు. నిజానికి ఒకే ఊళ్లో ఉంటూ, ఒకే చోట పనిచేస్తూ, ఏళ్ల తరబడి కలిసి ఆడిన జట్టు. అలాంటి అలవాటును డబ్బుతో ఒక్క వేసవిలో కొనలేరు.

పైకి రానన్న ఛాంపియన్

ఆ దశాబ్దం చివర ఈ పద్ధతి తన పరాకాష్ఠను చూసింది. 1978-79 సీజన్‌లో గ్యోన్యోన్ రెండో డివిజన్ ఛాంపియన్ అయింది. మైదానంలో మొదటి డివిజన్‌కు అర్హత సంపాదించింది. కానీ పైకి వెళ్లలేదు. మొదటి డివిజన్‌లో ఆడాలంటే వృత్తి క్లబ్ హోదా తీసుకోవాలి. క్లబ్ అందుకు ఒప్పుకోలేదు. అదే ఏడాది బ్రెస్త్ క్లబ్ తన చరిత్రలో తొలిసారి మొదటి డివిజన్‌లో అడుగుపెట్టింది. గ్యోన్యోన్ ఉన్నచోటే ఉండిపోయింది.

ఈ నిర్ణయాన్ని పిరికితనం అన్నవాళ్లు ఉన్నారు. అది అన్యాయమైన మాట. హోదా తీసుకోవడం అంటే ఒక కాగితం మీద సంతకం కాదు. ఆటగాళ్లతో వృత్తి ఒప్పందాలు రాసుకోవాలి. ఫ్యాక్టరీ జీతం పోయి, క్లబ్ జీతం రావాలి. లీగ్ పెట్టే ఆర్థిక నిబంధనలకు లోబడాలి. సీజన్ మధ్యలో దిగజారినా ఆ ఒప్పందాల భారం మోయాలి. ఇక ఆటగాడి వైపు నుంచి చూద్దాం. 28 ఏళ్ల మనిషి, ఇల్లు కట్టుకున్నాడు, పిల్లలు ఊళ్లో బడికి వెళ్తున్నారు, ఫ్యాక్టరీలో ఇంకా 30 ఏళ్ల సర్వీసు ఉంది. మూడేళ్ల ఫుట్‌బాల్ ఒప్పందం కోసం అదంతా వదులుకోమంటే ఎంతమంది వదులుకుంటారు? తన బలం ఎక్కడి నుంచి వస్తోందో ఆ క్లబ్‌కు బాగా తెలుసు. పైకి వెళ్లాలంటే ముందుగా ఆ బలాన్నే వదులుకోవాలి.

అయితే చుట్టూ ఉన్న ప్రపంచం ఆగలేదు. ఉక్కు రంగం సంక్షోభంలో పడింది. 1981లో అధికారంలోకి వచ్చిన మితరాన్ ప్రభుత్వం యూజినోర్ లాంటి ఉక్కు సంస్థలను జాతీయం చేసింది. 1984లో పక్క ఊరి దిగ్గజం క్రూజో-ల్వార్ దివాలా తీసింది. అప్పటికి ఫ్రాన్స్ చూసిన అతిపెద్ద పారిశ్రామిక దివాలాల్లో అదొకటి. గ్యోన్యోన్ కర్మాగారం స్టెయిన్‌లెస్ స్టీల్ పుణ్యమా అని నిలబడింది గానీ, మనుషుల అవసరం తగ్గుతూ వచ్చింది. ఫుట్‌బాల్‌లోనూ ఔత్సాహికులకు చోటు కుంచించుకుపోయింది. ప్రైవేటు టీవీ చానెళ్ల డబ్బు ఆటలోకి వచ్చింది. చివరికి గ్యోన్యోన్ కూడా వృత్తి హోదా తీసుకోక తప్పలేదు. 1993లో రెండో డివిజన్ గ్రూపులు రద్దయి, దేశమంతటికీ ఒకే పట్టిక వచ్చింది. షిఫ్టు దిగి మైదానానికి వచ్చే జట్లు ఆ స్థాయిలో ఆడే రోజులు ముగిశాయి.

1995

కొత్త హోదాలో కూడా క్లబ్ మొదట బాగానే నెట్టుకొచ్చింది. 1994-95 సీజన్ రెండో డివిజన్ చరిత్రలోనే విచిత్రమైనది. 1993లో యూరప్ ఛాంపియన్ అయిన మార్సెయ్, మ్యాచ్ ఫిక్సింగ్ కుంభకోణంలో ఇరుక్కుని ఈ డివిజన్‌లోకి వచ్చి పడింది. లక్షలాది అభిమానులున్న ఆ క్లబ్ గ్యోన్యోన్ లాంటి ఊళ్లకు లీగ్ మ్యాచ్ ఆడటానికి రావాల్సి వచ్చింది. సీజన్ ముగిసేసరికి మార్సెయ్ మొదటి స్థానం, గెంగాం రెండో స్థానం, గ్యోన్యోన్ మూడో స్థానం. అప్పుల కారణంగా మార్సెయ్‌కి పైకి వెళ్లే అనుమతి దొరకలేదు. వెళ్లింది గెంగాం, గ్యోన్యోన్. రెండూ పది వేల లోపు జనాభా ఉన్న ఊళ్లే. ఒకే వేసవిలో రెండు పల్లెటూళ్ల లాంటి పట్నాలు ఫ్రాన్స్ మొదటి డివిజన్‌లోకి వచ్చాయి. ఈ జంటను గుర్తుంచుకోవాలి. అక్కడి నుంచి వాటి దారులు పూర్తిగా వేరయ్యాయి.

గ్యోన్యోన్ మొదటి డివిజన్‌లో నిలిచింది ఒక్క సీజనే. స్టాద్ జాన్ లవీల్ స్టేడియంలో 13 వేల మందికి పైగా పడతారు. అంటే ఊళ్లో పసిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా అందరూ వచ్చి కూర్చున్నా ఇంకా వేల సీట్లు ఖాళీగా మిగులుతాయి. ఆ ఒక్క లెక్క చాలు సమస్య ఏమిటో తెలియడానికి. మ్యాచ్ రోజున స్టేడియం నిండాలంటే జిల్లా అంతా కదిలి రావాలి. గెలుస్తున్నప్పుడు వస్తారు. 18వ స్థానంలో ఉన్నప్పుడు, జనవరి చలిలో, 40 కిలోమీటర్లు కారు నడుపుకుంటూ రారు. సీజన్ చివర గ్యోన్యోన్ కిందికి దిగింది. పక్కనే సేంతెతియెన్ కూడా దిగింది. పది సార్లు ఫ్రాన్స్ ఛాంపియన్ అయిన క్లబ్‌తో కలిసి దిగడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆ ఏడాది టైటిల్ గెలిచింది ఒసేర్. అదీ బర్గండీ ఊరే, అదీ చిన్నదే, కానీ గ్యోన్యోన్ కన్నా కొన్ని రెట్లు పెద్దది.

ఆ సీజన్ మధ్యలో, 1995 డిసెంబరులో, యూరోపియన్ న్యాయస్థానం బోస్మాన్ తీర్పు ఇచ్చింది. ఒప్పందం ముగిసిన ఆటగాడు బదిలీ రుసుము లేకుండా యూరోపియన్ యూనియన్‌లో మరో దేశం క్లబ్‌కు వెళ్లవచ్చు. విదేశీ ఆటగాళ్ల మీద పరిమితులూ చాలావరకు పోయాయి. ఆటగాళ్లకు ఇది న్యాయమే చేసింది. చిన్న క్లబ్ వైపు నుంచి చూస్తే మాత్రం, తయారు చేసిన ఆటగాణ్ని నిలబెట్టుకునే పట్టు ఇంకా సడలింది. అదే 1995లో గ్యోన్యోన్ కర్మాగారం యజమాని యూజినోర్ మళ్లీ ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది. వాటాదార్లకు లెక్క చెప్పాల్సిన కంపెనీ అయింది. క్లబ్ అత్యంత ఎత్తుకు ఎదిగిన ఏడాదే, దాని రెండు పునాదులూ ఒకేసారి కదిలాయి.

స్టాద్ ద ఫ్రాన్స్ రాత్రి

మళ్లీ 2000 ఏప్రిల్‌కు వద్దాం. ఆ జట్టును కోచ్ అలెక్స్ దుపోన్ కూర్చిన తీరు చూడదగ్గది. గోల్‌లో రిచర్డ్ ట్రివీనో. ముందు వరుసకు పెద్దదిక్కు సెనెగల్ స్ట్రైకర్ అమరా ట్రావోరే, గ్యోన్యోన్ అభిమానులకు ఇంటి మనిషి లాంటివాడు. తర్వాతి కాలంలో సెనెగల్ జాతీయ జట్టుకు కోచ్ అయ్యాడు. వెనక వరుసలో సిల్వాన్ డిస్టాన్ అనే పొడగరి కుర్రాడు, అంతకు ముందు ఏడాదే కింది డివిజన్ల నుంచి వచ్చాడు. పెద్ద క్లబ్బులు వద్దన్నవాళ్లు, వయసు మీదపడ్డవాళ్లు, ఇంకా ఎవరి కళ్లలోనూ పడనివాళ్లు. వీళ్లలో ఫ్యాక్టరీ కార్డు ఉన్న ఉక్కు కార్మికులు లేరు. అయినా ఆట మాత్రం పాత గ్యోన్యోన్ ఆటే. వెనక గట్టిగా నిలబడటం, ఒకరి తప్పును ఇంకొకరు కప్పుకోవడం, ఎదుటివాడు విసిగిపోయే దాకా ఓపిక పట్టడం.

బంతి ఎక్కువసేపు పారిస్ ఆటగాళ్ల కాళ్ల దగ్గరే ఉన్నా గోల్ రాలేదు. రెండో సగంలో అర్జెంటీనా ఆటగాడు మార్సెలో త్రపాసో గోల్ కొట్టాడు. పారిస్ జట్టు అంతా ముందుకు తోసుకొచ్చింది. ఆట ముగిసే ఘడియల్లో, ఖాళీ అయిన ఆ వెనక భాగంలోకి దూసుకెళ్లి సిల్వాన్ ఫ్లోతో రెండోది కొట్టాడు. అదృష్టం కొద్దీ వచ్చిన గెలుపు అనడానికి వీల్లేని స్కోరు అది.

లీగ్ కప్ 1994-95లో తన చివరి రూపం తీసుకుని 2020లో రద్దయింది. ఇన్నేళ్లలో ఆ కప్పు గెలిచిన రెండో డివిజన్ క్లబ్ గ్యోన్యోన్ ఒక్కటే. పోటీయే లేదు కాబట్టి ఇక మీదట మరొకటి ఉండదు.

ఇంత పెద్ద గెలుపుకు రావాల్సినంత పేరు రాలేదన్నది ఆ ఊరి వాళ్ల బాధ. అందులో న్యాయం ఉంది. సరిగ్గా అదే వసంతంలో నాలుగో స్థాయి ఔత్సాహిక జట్టు కలే, లీగ్ కప్‌కు వేరైన ఫ్రెంచ్ కప్ ఫైనల్‌కు చేరింది. మే 7న అదే స్టేడియంలో నాంత్ చేతిలో 1-2తో ఓడిపోయింది. ఫ్రాన్స్ అంతా కలే కోసం కన్నీళ్లు పెట్టుకుంది. గుమాస్తాలు, బడి మాస్టర్లు, రేవు కూలీలు ఉన్న జట్టు అని పత్రికలు, టీవీలు ఊగిపోయాయి. కలే 70 వేలకు పైగా జనాభా ఉన్న రేవు పట్టణం. గ్యోన్యోన్ దాని ముందు పిట్టంత. పైగా కలే ఓడిపోయింది, గ్యోన్యోన్ గెలిచింది. కానీ 'ఔత్సాహికులు' అన్న మాటలో ఉన్న ఆకర్షణ 'రెండో డివిజన్ వృత్తి క్లబ్' అన్న మాటలో లేదు. 1979లో నిజంగానే ఉద్యోగాలు చేసుకుంటూ ఛాంపియన్ అయినప్పుడు కెమెరాలు ఇన్ని లేవు. కెమెరాలు వచ్చేసరికి గ్యోన్యోన్ ఆ వేషం తీసేసింది. కలే క్లబ్ కూడా 2017లో మూతపడింది.

కప్పు తర్వాత

గెలిచిన క్లబ్‌కు ఆ వేసవి ఎలా గడిచిందో చూస్తే చిన్న క్లబ్బుల ఆర్థికం అర్థమవుతుంది. డిస్టాన్‌ను తీసుకెళ్లింది ఎవరో కాదు, ఫైనల్లో ఓడిన పారిస్ సేంజర్మానే. అక్కడి నుంచి న్యూకాసిల్‌కు, తర్వాత మాంచెస్టర్ సిటీకి వెళ్లి, పోర్ట్స్‌మత్‌తో 2008లో ఎఫ్‌ఏ కప్ గెలిచి, ఇంగ్లండ్‌లో దశాబ్దంన్నర ఆడాడు. కోచ్ దుపోన్ సెడాన్ క్లబ్‌కు వెళ్లిపోయారు. కప్పుతో పాటు వచ్చిన యూఎఫా కప్ ప్రవేశం ఒక్క రౌండుతో ముగిసింది. గ్రీసుకు చెందిన ఇరాక్లిస్ చేతిలో రెండు మ్యాచ్‌లూ కలిపి 0-1. గ్యోన్యోన్ చరిత్రలో యూరప్ ఫుట్‌బాల్ అంటే ఆ రెండు మ్యాచ్‌లే.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పెద్ద క్లబ్‌కు కప్పు ఒక మెట్టు. దాన్ని చూపి స్పాన్సర్లను తెచ్చుకుంటుంది, సీజన్ టికెట్లు అమ్ముతుంది. గ్యోన్యోన్ కప్పు చూపి ఎవరికి అమ్మాలి? ఊళ్లో ఉన్న పెద్ద సంస్థ ఒక్కటే. చుట్టుపక్కల పెద్ద నగరం లేదు. ఊరికి ప్రయాణికుల రైలు కూడా లేదు. గెలుపు వల్ల ఆటగాళ్ల విలువ పెరిగింది, క్లబ్ ఆదాయం పెరగలేదు. అందువల్ల గెలిచిన జట్టును చెదరగొట్టక తప్పలేదు.

ఈలోపు కర్మాగారం యజమానులు మారుతూ పోయారు. 2002లో యూజినోర్ లక్సెంబర్గ్, స్పెయిన్ కంపెనీలతో కలిసి ఆర్సెలోర్ అయింది. 2006లో లక్ష్మీ మిట్టల్ ఆర్సెలోర్‌ను చేజిక్కించుకున్న వార్త మన పత్రికల్లోనూ పతాక శీర్షికలకెక్కింది. రాజస్థాన్‌లో పుట్టిన మనిషి యూరప్ ఉక్కుకు రాజయ్యాడని అందరం చదివాం. ఆ ఒప్పందంలో చేతులు మారిన అనేక ప్లాంట్లలో గ్యోన్యోన్ కూడా ఒకటి. 2011 జనవరిలో ఆర్సెలోర్‌మిట్టల్ తన స్టెయిన్‌లెస్ స్టీల్ వ్యాపారాన్ని అపెరామ్ పేరుతో విడదీసింది. గ్యోన్యోన్ ప్లాంటు ఇప్పుడు అపెరామ్‌ది. ఈ యజమానుల్లో ఎవరినీ విలన్‌గా చూపించాల్సిన పనిలేదు. ప్లాంటు నడుస్తూనే ఉంది, ఉద్యోగాలు ఇస్తూనే ఉంది. కానీ నిర్ణయాలు తీసుకునే బల్ల లక్సెంబర్గ్‌కు చేరింది. పనివాళ్లు ఊరు వదలకుండా చూసుకోవాల్సిన అవసరం ఏనాడో తీరిపోయింది. ఇప్పుడు అవసరమైంది తక్కువ మంది, ఎక్కువ యంత్రాలు. ఒక యజమాని ఫుట్‌బాల్ జట్టును పోషించడానికి 1940లో ఉన్న కారణాల్లో ఒక్కటీ 2006లో మిగలలేదు.

2007-08 సీజన్ చివర గ్యోన్యోన్ రెండో డివిజన్ నుంచి మూడో స్థాయికి, 'నాస్యోనాల్'కు పడిపోయింది. ఫ్రాన్స్‌లో ఈ ఒక్క మెట్టు మిగతా మెట్ల లాంటిది కాదు. పై రెండు డివిజన్లు వృత్తి లీగ్ కిందకు వస్తాయి, టీవీ డబ్బు పంపకం అక్కడ జరుగుతుంది. కింద ఉన్నవన్నీ సమాఖ్య నడిపేవి. దిగిన క్లబ్ ఆదాయం ఒక్కసారిగా కుప్పకూలుతుంది, కానీ ఆటగాళ్ల ఒప్పందాలు, సిబ్బంది, స్టేడియం ఖర్చు రాత్రికి రాత్రే తగ్గవు. ఒకటి రెండు సీజన్లలో తిరిగి పైకి ఎక్కకపోతే వృత్తి హోదా కూడా చేజారుతుంది. అందుకే దిగిన క్లబ్బులు ఎలాగైనా వెంటనే పైకి వెళ్లాలని అప్పుచేసి మరీ జట్టు కడతాయి. చాలాసార్లు అదే ఉరి అవుతుంది.

మరో ఒత్తిడి డీఎన్‌సీజీది. ఫ్రెంచ్ ఫుట్‌బాల్‌లో క్లబ్బుల పద్దులు చూసే సంస్థ ఇది. ఏటా వేసవిలో అధ్యక్షులు ఖాతా పుస్తకాలు పట్టుకుని దాని ముందు హాజరు కావాలి. లెక్క కుదరకపోతే జీతాలకు కోత పెట్టగలదు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఆపగలదు, మైదానంలో ఏ స్థానంలో ఉన్నా కింది డివిజన్‌కు పంపగలదు. యూరప్‌లో ఇంత కఠినమైన ఆర్థిక పర్యవేక్షణ అరుదు, అది మంచిదే. అయితే పెద్ద క్లబ్‌కు ధనిక యజమాని వచ్చి చెక్కు రాస్తే గండం గడుస్తుంది. గ్యోన్యోన్‌కు రాసేవాళ్లు లేరు. యాజమాన్యం మారింది, ఆశలు పుట్టాయి, అప్పు మాత్రం తీరలేదు. 2011లో లిక్విడేషన్, అంటే కోర్టు ద్వారా క్లబ్ కంపెనీ మూసివేత. అపెరామ్ కొత్త కంపెనీగా పుట్టిన ఏడాదే పాత కర్మాగారం కన్న క్లబ్ కోర్టు చేతిలో పడింది. ఒకదానికి ఇంకొకటి కారణం కాదు. అయినా గ్యోన్యోన్‌లో ఎవరూ ఆ రెండు సంగతులను విడివిడిగా గుర్తుపెట్టుకోరు.

గెంగాం ఎందుకు మిగిలింది

ఇక్కడే 1995 నాటి రెండో ఊరి దగ్గరికి వెళ్లాలి. బ్రిటనీలోని గెంగాం జనాభా ఏడు వేల చిల్లర. అయినా ఆ క్లబ్ ఫ్రెంచ్ కప్‌ను రెండుసార్లు, 2009లోనూ 2014లోనూ గెలిచింది. రెండుసార్లూ ఫైనల్లో ఓడింది అదే బ్రిటనీలోని పెద్ద నగరం రెన్. 2009లో గెలిచేనాటికి గెంగాం రెండో డివిజన్‌లోనే ఉంది. ద్రోగ్బా, మలూదా లాంటి వాళ్లు ఎదిగింది అక్కడే. ఈనాటికీ అది వృత్తి క్లబ్.

గెంగాం వెనక కూడా ఒక వ్యాపారవేత్త ఉన్నాడు. నోయెల్ ల గ్రాయె 1972లో క్లబ్ అధ్యక్షుడయ్యాడు, తర్వాత ఊరికి మేయరయ్యాడు, ఆ తర్వాత ఫ్రెంచ్ సమాఖ్య అధ్యక్షుడయ్యాడు. అతని పలుకుబడి క్లబ్‌కు ఎంతో పనికొచ్చింది. కానీ ఒక్క కంపెనీ మీద భారం వేయలేదు. ఆ ప్రాంతంలోని ఆహార పరిశ్రమలు, రవాణా సంస్థలు, దుకాణాలు, చిన్న చిన్న వ్యాపారాలు చాలా స్పాన్సర్లుగా ఉన్నాయి. జిల్లా మొత్తం తన క్లబ్‌గా భావించింది. అభిమానులు సంఘంగా ఏర్పడి వాటాలు కొన్నారు. బ్రెటన్ అస్తిత్వం, జెండా, సంగీతం అన్నీ స్టేడియంలోకి వచ్చాయి. ఊరు చిన్నదే, పోషించే మండలం పెద్దది.

గ్యోన్యోన్‌కు అలాంటి మండలం దొరకలేదు. ల క్రూజోకు, మోన్సోకు వాటి వాటి గర్వాలున్నాయి. మోన్సో క్లబ్ 2007లో నాలుగో స్థాయి జట్టుగా ఫ్రెంచ్ కప్ సెమీఫైనల్ దాకా వెళ్లింది. పక్కపక్క ఊళ్లు కలిసి ఒక క్లబ్‌ను మోసే అలవాటు ఈ జిల్లాలో పెరగలేదు. ఎందుకంటే ప్రతి ఊరికీ తన కర్మాగారం ఉండేది, ప్రతి కర్మాగారానికీ తన జట్టు ఉండేది. ఒకప్పుడు బలమైన ఆ ఏర్పాటే తర్వాత ఒంటరితనమైంది.

ఊరు చిన్నదైనందువల్లే మునిగిందన్న వాదనను తోసిపుచ్చడానికి ఇంకో ఉదాహరణ చాలు. ఆరుసార్లు ఛాంపియన్ అయిన బోర్దో, ఫ్రాన్స్‌లోని పెద్ద నగరాల్లో ఒకదాని క్లబ్, 2024 వేసవిలో వృత్తి హోదా వదులుకుని నాలుగో స్థాయికి పడిపోయింది. సోషో కూడా ప్యూజో 2015లో అమ్మేశాక చేతులు మారి, 2023లో మూతపడే అంచుదాకా వెళ్లింది. అభిమానులు, స్థానిక వ్యాపారులు చందాలు పోగేసి దాన్ని బతికించుకున్నారు. జనాభా కన్నా ముఖ్యమైంది, ఎన్ని చేతులు మోస్తున్నాయన్నది.

లిక్విడేషన్ తర్వాత కూడా గ్యోన్యోన్ పేరు చెరిగిపోలేదు. ఫ్రాన్స్‌లో క్లబ్ అంటే ముందుగా 1901 చట్టం కింద నమోదైన సంఘం. వృత్తి జట్టు నడిపే కంపెనీ మునిగినా పిల్లల జట్లు, కోచింగ్, స్వచ్ఛంద కార్యకర్తలు ఉన్న సంఘాన్ని నిలబెట్టే వీలుంటుంది. గ్యోన్యోన్ ప్రాంతీయ స్థాయి నుంచి మళ్లీ మొదలుపెట్టి ఐదో స్థాయి 'నాస్యోనాల్ 3' దాకా చేరింది. ఈ స్థాయిలో ప్రయాణ ఖర్చులు, రెఫరీల రుసుములు, కిట్లు, కొద్దిమంది ఆటగాళ్లకు ఇచ్చే చిన్న మొత్తాలు, వీటికి సరిపడా డబ్బు స్థానిక వ్యాపారుల దగ్గర, మునిసిపాలిటీ దగ్గర పుట్టాలి. స్టాద్ జాన్ లవీల్ మాత్రం మొదటి డివిజన్ కొలతల్లోనే ఉంది. ఇలాంటి కింది స్థాయి క్లబ్‌కు 13 వేల మంది పట్టే స్టేడియం నిర్వహణ పెద్ద భారం. కూల్చాలా, తగ్గించాలా, అలాగే ఉంచాలా అనేది ఇప్పుడు సుమారు ఏడు వేల జనాభా మిగిలిన ఊరు తేల్చుకోవాల్సిన ప్రశ్న. ఈసారి బిల్లు పంపడానికి వేరే చిరునామా లేదు.